పెడలు గట్టిపడిన వేళ

అమలాపురము గడియారస్తంభము కూడలిలో నిలిచి చూచినచో నేడు నలువైపులనుండియు కారులు వచ్చుచునే యుండును. వానిలో అంబాసిడరు లేదు, ఫియట్టు లేదు. అవి పోయినవని మనమందఱమును ఎఱుగుదుము, వానిని తలచి విచారించువారును పెక్కురు కలరు. నేను గమనించిన లోటు అంతకంటె చిన్నది. చక్రము విప్పిన కారు ప్రక్కన గోనెపట్టా పఱచుకొని, గాజుసీసాలోనికి సన్నని రబ్బరుగొట్టము దించి, బండిలోపల కూర్చున్నవానిని ఉద్దేశించి "తొక్కండి... పట్టండి... వదలండి" అని ఎలుగెత్తి చెప్పు గొంతు ఈ ఊరి వీథులలో వినబడుట మానినది. ఆ మూడుమాటలు ఒకప్పుడు కోనసీమ కారుషెడ్లలో ఉదయమునుండి దీపాలవేళవఱకు మాఱుమ్రోగుచుండెడివి.

వంగరాష్ట్రమున ఉత్తరపారాలోని హిందూస్తాన్ మోటార్స్ వారు 2014లో అంబాసిడరు నిర్మాణము నిలిపివేసినపుడు ఆ కారు వైభవమును గూర్చి ఎన్నియో వ్యాసములు వెలువడినవి. నేను చదివినవానిలో ఆ కారు నడకను పొగడినవే గాని, దానిని నిలిపిన చేతులను స్మరించినది కానరాలేదు. నడుపుట ఎంత విద్యయో నిలుపుటయు నంత విద్యయే. ఆ విద్య జరిగిన తీరును, దానిని అంటిపెట్టుకొనియున్న చప్పుళ్లను, వాసనలను, నియమములను జ్ఞాపకమున్నంతవఱకు ఇచ్చట పొందుపఱచుట నా ఉద్దేశము.

నీటి నడుమ దారులు

గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయపాయ చీల్చిన కోనసీమ బల్లపరుపు నేల. కొండ లేదు, ఘాటు లేదు. ఇట్టి సమతలమున కారునకు బ్రేకు అంత ప్రాణావసరమా యని పైప్రాంతమువారు అనుకొనవచ్చును. కాని ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది మొదలు కాలువలే ఈ సీమకు జీవనాడులు, ఆ కాలువగట్లే పెక్కుచోట్ల రహదారులు. ఒకవైపు నిండుగా పాఱు కాలువ, ఇంకొకవైపు పంటబోదె, నడుమ ఒక్క కారు పట్టునంత తారుబాట. ఆ బాటమీద అంబాజీపేటకు పోవు కొబ్బరికాయల బండి, ఇంటికి మఱలు గేదెలు, గెలలు కట్టుకొని రావులపాలెము అరటి మార్కెట్టుకు సాగు సైకిళ్లు. వీనిలో ఏది ఎదురైనను తప్పుకొనుటకు చోటుండదు. ఆగుటయే శరణ్యము, ఆగనిచో కాలువే గతి.

అంతకుమించిన పరీక్ష రేవులయందు జరిగెడిది. రైలు నేటికిని అమలాపురమును చేరలేదు. వారధులు రాకమునుపు దగ్గఱిదారిన కాకినాడ పోవలెనన్నచో ఎదుర్లంక రేవు గాని ముక్తేశ్వరము రేవు గాని, నరసాపురము పోవలెనన్నచో సఖినేటిపల్లి రేవు గాని దాటవలసినదే. రాజోలునుండి అమలాపురము వచ్చువారు సైతము బోడసకుఱ్ఱువద్ద పంటు ఎక్కెడివారు. ఏటిగట్టు ఎక్కి, అచ్చటినుండి జారుడుగానున్న ఇసుకబాటలో నీటియొడ్డునకు దిగి, రెండు బల్లలమీదుగా పంటుపైకి కారు నెక్కించుట డ్రైవరు నేర్పునకు గీటురాయి. ముందుచక్రములు బల్లలెక్కువఱకు యాక్సిలరేటరు, వెనుకచక్రములు ఎక్కిన మఱుక్షణమే బ్రేకు. ఎదుటి అంచునకు ఆవల గోదావరి. ఆడవారిని, పిల్లలను ముందే దింపి ఒడ్డున నిలువబెట్టెడివారు. కారు నిలువగానే క్లీనరు కుఱ్ఱవాడు చక్రముల క్రింద చెక్కలు దోపి "ఆయ్, పట్టిందండీ!" అని కేకవేసెడివాడు. ఆ కేక వినువఱకు ఒడ్డుననున్న పెద్దవారి పెదవులపై గోవిందనామము ఆగెడిదికాదు.

2002లో యానాము ఎదుర్లంక నడుమ బాలయోగి వారధి తెఱచినపిదప అచ్చటి పంటుతోపాటు ఆ కేకయు పోయినది. పంటు ఎక్కు దినములలో మాత్రము బ్రేకు పెడలునకు గోదావరికి నడుమ నిలిచిన మనుష్యుడు ఒక్కడే. అతడు షెడ్డులోని మేస్త్రి.

కాలువగట్టు షెడ్డు

మా పెదనాన్నగారి అంబాసిడరు పోవు షెడ్డు అమలాపురమున ఒక కాలువగట్టున ఉండెడిది. వెనుకసగము తాటాకు, ముందుసగము రేకులు, గుమ్మమునకు నీడగా ఒక కానుగచెట్టు. లోపలికి అడుగిడగానే మూడువాసనలు కలిసి ఎదురువచ్చెడివి: కిరసనాయిలు ఘాటు, కాలిన లైనింగుల చేదు, వాని నడుమ రవ్వంత తియ్యగా తోచు బ్రేకాయిలు వాసన. మేస్త్రిగారు మితభాషి, ఆయన పనిముట్లు మాత్రము నిత్యము మాటాడుచుండెడివి. అరిగిన లైనింగు రివిట్లను ఉలితో ఊడగొట్టు టక్కుటక్కు, క్రొత్తదానిని షూకు బిగించు బరువైన దెబ్బ, ప్రక్కసందులోని లేతుమీద డ్రమ్ము తిరుగుచుండగా సాగు సన్నని ఊళ. ఈ చప్పుళ్లనుబట్టియే ఏ కారు పని ఎంతవఱకు వచ్చినదో గుమ్మములోని బల్లమీద కూర్చున్న డ్రైవర్లు గ్రహించెడివారు.

రివిటు తల లైనింగు పైమట్టమునకు ఎంతో లోతుగా దిగవలెను. దిగనిచో అది డ్రమ్మును గీయును. మేస్త్రిగారు ప్రతి రివిటుమీదను బొటనవ్రేలితో తడవి చూచెడివారు. లేతునుండి వచ్చిన డ్రమ్మును ఒకచేత వ్రేలాడదీసి, చిన్నసుత్తితో తట్టి, తల ప్రక్కకు వంచి వినెడివారు. ఖంగున మ్రోగినచో బండికి ఎక్కును. బొంగురుగా పలికినచో ఎక్కడనో నెఱ్ఱె యున్నట్లు, అది మూలకు పోవలసినదే. కంటికి కానరాని నెఱ్ఱె ఆ చెవిని తప్పించుకొని పోయెడిదికాదు.

గాలి తీయుట

ద్రవబ్రేకు యొక్క ధర్మము ఒక్కవాక్యమున చెప్పదగినది. మూసియున్న పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి తగ్గక అన్నిదిక్కులకును ప్రసరించునని పదునేడవ శతాబ్దమున పాస్కల్ పండితుడు నిరూపించెను. అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ ఆ సూత్రమును కారునకు అన్వయించగా 1921లో డ్యూసెన్‌బర్గు కారు నాలుగు చక్రములకును ద్రవబ్రేకులతో వెలువడినది. మన దేశమున 1962లో బ్రేక్స్ ఇండియా సంస్థ ఏర్పడి మద్రాసు చెంత పాడిలో ఈ సరంజామా తయారుచేయసాగినది. ఆ బ్రేకులకు గల గిర్లింగు అను పేరు కోనసీమ డ్రైవర్ల నోట నలిగినది ఆ విధముననే. పాదము పెడలును త్రొక్కగా మాస్టరు సిలిండరులోని నూనె కదలి, సన్నని గొట్టములగుండ పోయి, చక్రమువద్ద నున్న చిన్నసిలిండరు పిస్టనులను నెట్టును. అవి షూలను డ్రమ్మునకు అదుమును. నూనె ఒత్తిడికి కుదించుకొనిపోదు గనుక పాదము చెప్పినమాట చక్రమునకు చెక్కుచెదరక చేరును. గాలి కుదించుకొనిపోవును, ఆ నూనెలో ఒక బుడగ చేరినచో తడిసిన దూదిమూటను త్రొక్కినట్లు పెడలు మెత్తగా దిగిపోవును, చక్రము మాత్రము తన దారిన తాను పోవుచుండును.

కావుననే గాలి తీయుట సమస్తమైన పనికిని మంగళాంతము. మాస్టరు సిలిండరునకు అతిదూరముననున్న వెనుక ఎడమచక్రముతో ఆరంభించి, పిదప వెనుక కుడి, ఆ పిదప ముందు ఎడమ, కట్టకడపట డ్రైవరు చెంతనున్న ముందు కుడి. ఈ క్రమము తప్పరాదు. ఈ పని ఒక్కనివలన కాదు. క్రింద చక్రమువద్ద గాలి వెడలు నిప్పిలు పట్టుటకు ఒకరు, పైన పెడలు త్రొక్కుటకు ఒకరు. వేసవిసెలవులలో ఆ రెండవ పని నాకు దక్కెడిది.

సీటు అంచున కూర్చుండి, స్టీరింగు చక్రమును రెండుచేతుల పట్టుకొని, బలమంతయు కుడికాలిపై నిలిపి నేను సిద్ధముగా నుండెడివాడను. క్రిందనుండి కేక వచ్చెడిది. "తొక్కండి, బాబుగారూ." నేను మూడునాలుగు మాఱులు త్రొక్కెడివాడను. "పట్టండి." పెడలును అదిమిపట్టి ఊపిరి బిగబట్టెడివాడను. క్రింద పానా అరచుట్టు తిరిగెడిది. మఱుక్షణమే పాదము క్రింద పెడలు తనంతతాను నేలకు క్రుంగెడిది, హార్లిక్సు సీసాలోని నూనెలో బుడగలు గుడగుడమని లేచిన చప్పుడు వినబడెడిది. పానా మఱల బిగిసినపిదప "వదలండి" అను అనుజ్ఞ. అనుజ్ఞకు ముందే కాలు తీసినచో వెడలిన గాలి అదే త్రోవన వెనుకకు చొచ్చును. కావున ఒకరి మాటకై ఒకరు ఆగవలసినదే. నడుమనడుమ బానెట్టు క్రిందనున్న నూనెడబ్బాలో మట్టము తగ్గకుండ కుఱ్ఱవాడు పోయుచుండవలెను. అది అడుగంటినచో చేసిన పని యంతయు మొదటికి వచ్చును.

నాలుగవ చక్రము ముగియునప్పటికి పెడలు స్వభావము మాఱియుండెడిది. కొంచెము దిగి, అచ్చటనే ఆగి, ఎంత త్రొక్కినను ఇంక దిగనని పాదమునకు ఎదురునిలిచెడిది. మేస్త్రిగారు బండి క్రిందనుండి లేచి వచ్చి, తాము త్రొక్కి చూడకముందే "ఎలాగుంది, బాబుగారూ?" అని నన్నడిగెడివారు. "గట్టిగా ఉందండీ" అని నేను చెప్పినమాటను ఆయన గౌరవముతో ఆలకించి, ఆ పిదపనే తాము కూర్చుండి చూచెడివారు. ఒక పెద్ద యంత్రమునకు నేను బాధ్యుడనను భావము నాలో మొదటిసారి కలిగినది ఆ ప్రశ్నవలననే.

రబ్బరు శీలము

ఈ వ్యవస్థ యంతయు బొటనవ్రేలంత రబ్బరుకప్పులపై ఆధారపడి యుండెను. వాని విషయమున మేస్త్రిగారి నియమములు మడిగట్టుకొన్న వంటయింటివి. రబ్బరు ముట్టుకొనుటకు ముందు సబ్బుతో చేతులు కడుగవలెను. కిరసనాయిలుగాని పెట్రోలుగాని తగిలిన గుడ్డ ఆ పీటదాపునకు రారాదు. సిలిండరులను స్పిరిటుతోగాని క్రొత్త బ్రేకాయిలుతోగాని కడుగవలెనే తప్ప వేఱొకదానితో కడుగరాదు. క్రొత్త కప్పును నూనెలో ముంచి, దాని పెదవి మడతపడకుండ వ్రేలితోనే లోపలికి జార్చవలెను. సీసాలో పడిన పాతనూనె ఎంత తేటగా కనబడినను మఱల డబ్బాలో పోయరాదు. ఒక చుక్క బండి రంగుపై పడినచో తత్క్షణము నీళ్లు పోసి కడుగవలెను. లేనిచో ఆ రంగు పొక్కి లేచును.

ఈ నియమములు ఎందులకో నాకు ఒకనాటి రాత్రి తెలిసినది. రాజోలువైపునుండి పోవుచున్న పెండ్లిబండి యొకటి షెడ్డు ముందు ఈడ్చుకొనుచు వచ్చి నిలిచినది. నాలుగు డ్రమ్ములును చేయి పెట్టనీయక కాగుచున్నవి. "ఏరా అబ్బాయ్, డబ్బాలో ఏం పోశావు?" అని మేస్త్రిగారు అడుగగా, డ్రైవరు తలవంచుకొని "దారిలో తగ్గిందండి. ముహూర్తం దాటిపోద్దని ఇంజనాయిలు పోశానండి" అనెను. ఆయన కోపపడలేదు. పెండ్లికొడుకును వేఱొక కారులో సాగనంపి, మాస్టరు సిలిండరు విప్పి, లోపలి కప్పును తీసి క్రొత్తదాని ప్రక్కన పెట్టి ఆ డ్రైవరునకు చూపిరి. ఖనిజతైలము త్రాగిన ఆ రబ్బరు ఉబ్బి, మెత్తబడి, నూనె వెనుకకు మఱలు సన్నని రంధ్రమును మూసివేసినది. మఱలుటకు దారిలేని నూనె షూలను డ్రమ్ముల కదిమియే ఉంచినది. ఆ రాత్రి గొట్టములన్నియు స్పిరిటుతో కడిగి, హోసులతో సహా ఉన్న రబ్బరంతయు మార్చిరి. కోడికూతకు ముందు గాలి తీయుట ముగిసినది. పెడలు త్రొక్కినవాడు ఆ డ్రైవరే.

తిరుపతి మ్రొక్కు, గోదావరి వఱద

మా ఇంట తిరుపతి ప్రయాణము నిశ్చయమైనపుడు దొడ్డమ్మ అడుగు మొదటి ప్రశ్న "బ్రేకులు చూపించారా?" అనునది. చక్రముల క్రింద నిమ్మకాయలు, ముందు కొబ్బరికాయ, ఇవి తరువాతివి. ఆమె ప్రశ్నలో శాస్త్రము కలదు. బ్రేకాయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. డాట్ 3 అను ప్రమాణము ప్రకారము క్రొత్తనూనె కనీసము 205 డిగ్రీల సెంటీగ్రేడువఱకు మఱుగరాదు. తేమ పట్టినపిదప ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోవును. ఏడాది పొడుగున నీటితడి విడువని కోనసీమగాలిలో నూనె తేమపట్టుటకు కాలము పట్టదు. సమతలముపై అది బయటపడదు. తిరుమల ఘాటురోడ్డున మలుపు వెంట మలుపు దిగుచు బ్రేకు నొక్కినదే నొక్కగా చక్రములు కాగి, ఆ తేమ ఆవిరియై, గాలిబుడగ చేయవలసిన ద్రోహమును తాను చేయును. కావుననే కొండప్రయాణమునకు ముందు పాతనూనె యంతయు దింపి క్రొత్తది పోయుట ఇంటింటి ఆచారముగా నుండెను.

పని ముగిసినపిదప ఒక తుదిఘట్టము కలదు. మేస్త్రిగారు చేతులు కడుగుకొని, తామే స్టీరింగువద్ద కూర్చుండి, పెదనాన్నగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఊరిలో ఉన్న ఎత్తులలో ఎత్తైన వంతెన మీదికి కారు నెక్కించెడివారు. దిగుడులో వేగము రానిచ్చి, కాలువనీరు ఎదుట కనబడుచుండగా బ్రేకు త్రొక్కెడివారు. కారు ఏ ప్రక్కకును లాగక నాలుగుకాళ్లపై నిలిచినచో, అప్పుడుగాని ఆయన పైకము ముట్టెడివారుకారు. తాము చేసిన బ్రేకుమీద మొదటి ప్రయాణము తమదే కావలెననునది ఆయన వ్రతము.

1986 ఆగస్టులో గోదావరి పొంగి లంకలను ముంచెత్తినపుడును, 1996 నవంబరు తుపాను కొబ్బరితోటలను నేలగూల్చినపుడును, నీరు తీసినపిదప షెడ్డు ముందు కారులు బారులు తీరినవి. డ్రమ్ములలో ఒండ్రు, వీలుసిలిండరులలో తుప్పు, బిగుసుకొనిపోయిన పిస్టనులు. నీటిలో తడిపిన ఎమెరీ కాగితమును సిలిండరులో త్రిప్పుచు, వెలుగునకు ఎత్తి చూచుచు, లోపలిగోడ అద్దమువలె నిగ్గుతేలువఱకు మేస్త్రిగారు విడువలేదు. ఇల్లు కూలినవారివద్ద ఆ దినములలో ఆయన కూలి అడుగలేదు. రబ్బరు ఖరీదు మాత్రము తీసికొనిరి.

ఎఱ్ఱనూనె

స్టీరింగు కథ వేఱు. అంబాసిడరును నిలిచినచోటనే త్రిప్పుటకు భుజబలము కావలెను. అగ్రహారపు ఇఱుకువీథిలో ముందునకు వెనుకకు జరుపుచు కారు మఱలించిన డ్రైవరు చొక్కా తడిసి ముద్దయ్యెడిది. ఫ్రాన్సిస్ డేవిస్ అను అమెరికా ఇంజనీరు 1920 దశకముననే ద్రవబలముతో స్టీరింగు త్రిప్పు ఉపాయము కనిపెట్టినను, అది అంగటిలోని కారునకు ఎక్కినది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. కోనసీమకు వచ్చినది అంతకు ఎంతో కాలమునకు, సుమోలతోడను క్వాలిస్‌లతోడను. ఇంజను పట్టీతో తిరుగు ఒక పంపు, దానికొక డబ్బా, డబ్బాలో ఎఱ్ఱనూనె. ఒక్క వ్రేలితో చక్రము తిరుగుట చూచి ముసలిడ్రైవర్లు ఆశ్చర్యపడిరి.

మేస్త్రిగారు ఈ క్రొత్తవిద్యను కొడుకువయసు కుఱ్ఱవాండ్ర సరసన కూర్చుండి నేర్చుకొనిరి. ఇచ్చట గాలి తీయుటకు నిప్పిలు లేదు. ముందుచక్రములను జాకీపై లేపి, ఇంజను ఆపి, స్టీరింగును ఈ కొసనుండి ఆ కొసవఱకు నెమ్మదిగా త్రిప్పుచుండవలెను. గాలి తనంతతాను డబ్బాలోనికి లేచి వచ్చును. నురుగు తగ్గి నూనె తేటపడినపిదప ఇంజను వేసి మఱల చూడవలెను. కొసకంటా త్రిప్పి అదిమిపట్టినచో పంపు మూలుగును, నూనె కాగును. అట్లు చేయు డ్రైవరును ఆయన సున్నితముగా మందలించెడివారు. ఈ రెండు వ్యవస్థలకు గల భేదమును ఆయన చెప్పిన తీరు నేను మఱువలేదు: "ఎర్రనూనె పోతే మీ చేతులు మీకుంటాయండి, బరువుగానైనా తిరుగుద్ది. బ్రేకాయిలు పోతే మీకేమీ ఉండదండి." ఒకే గొట్టపువరుసతో నాలుగు చక్రములను కట్టిన ఆనాటి కారులయందు ఆ మాట చాలవఱకు సత్యము. ఎఱ్ఱనూనె ఏలుబడియు ఒక్క తరముతో ముగిసినది. విద్యుత్తుతో తిరుగు స్టీరింగు వచ్చి పంపును, పట్టీని, డబ్బాను తొలగించినది.

లాభము, నష్టము

పోయినదానిని ప్రేమించువాడు వచ్చినదానిని నిందింపరాదు. నేటి కారులో బ్రేకునూనె రెండువరుసలుగా పాఱును; ఒకటి తెగినను రెండవది నిలుపును. 2019 ఏప్రిలునుండి మన దేశమున క్రొత్తకారులన్నింటికిని చక్రములు బిగుసుకొనిపోకుండ కాచు ఏ.బి.ఎస్. తప్పనిసరియైనది, తడిసిన కాలువగట్టుపై జారిపోవలసిన ప్రాణములను అది నిలుపుచున్నది. ఆనాటి లైనింగులలో ఆస్బెస్టాసు ఉండెను. డ్రమ్ము విప్పగానే ఆ నల్లనిపొడిని నోటితో ఊదిన కుఱ్ఱవాండ్రకు అది ఊపిరితిత్తులను తినివేయునని చెప్పినవారు లేరు. బడికి పోవలసిన వయసున వారు ఆ షెడ్లలో పానాలు అందించుచుండిరనుటయు సత్యమే. ఆ దినములు యథాతథముగా మఱల రావలెనని నేను కోరను. మా పిల్లలు నేటి బ్రేకులమీదనే ప్రయాణింపవలెనని కోరుదును.

అయినను ఒకటి చేజాఱినది. ఆనాడు మన ప్రాణము ఎవరి చేతిలో నున్నదో మనకు తెలియును. ఆ చేతి గోళ్లలోని నలుపు తెలియును, ఆయన త్రొక్కుమన్నపుడు త్రొక్కిన పాదము మనది. బండి నిలుచుననుటకు మేస్త్రి ఒక సాక్షి, యజమాని ఇంకొక సాక్షి. నేడు బండిని అద్దాలగది ముందు అప్పగించి, సాయంకాలము బిల్లుతోపాటు తీసికొందుము. పని చేసినవాడు మనకు కనబడడు, ఆ కారులో ఎక్కువాడు ఎవడో వానికిని తెలియదు. పనిలో లోపమున్నదని నేననను. భద్రత పెరిగినది, కాని భద్రతకు పూచీపడిన ముఖము మఱుగుపడినది. ఆ ముఖముతోపాటు మన పూచీయు మఱపునకు వచ్చి, రెండేండ్లకొకమాఱు బ్రేకునూనె మార్పించవలెననునది కూడ ఎందఱో యజమానులకు తెలియకపోయినది. నూనె నేటికిని తేమను పీల్చుచునే యున్నది, కోనసీమగాలి మాఱలేదు.

ఆ వంతెన దిగుడున మేస్త్రిగారు పాటించిన వ్రతము యంత్రముతోపాటు పాతబడవలసినది కాదు. ఎంతటి క్రొత్త బండియైనను, బ్రేకు పని చేసినవాడు యజమానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని మొదటి మైలు తానే నడిపి చూపుట ఏ కర్మాగారపు నియమములకును విరుద్ధము కాదు, దానికి వ్యయమును స్వల్పమే. అమలాపురమునగాని కొత్తపేటలోగాని రాజోలులోగాని ఒక్క షెడ్డువారు ఆ ఆచారమును మఱల మొదలుపెట్టినచో ఇతరులును అనుసరింతురని నా నమ్మకము. మొదలుపెట్టమని అడుగవలసినవారము, బండి తాళములు అందుకొనుటకు నిలుచున్న మనమే.